ఫోను బిళ్ళ మీద ఉన్నంతసేపు

మా ఇంట్లో ఫోను చార్జింగ్‌లో ఉందంటే మా అన్న మాట్లాడడని అర్థం. ఎకసెక్కానికి అనడం లేదు. గొంతులో పుండని వెళితే పెద్ద ఆసుపత్రిలో స్వరపేటికను మొత్తం తీసేశారు. మెడ ముందు ఒక రంధ్రం ఉంచారు. ఊపిరి అక్కడినుంచే పోతుంది, వస్తుంది. నోరు ఆడుతుంది, పెదవులు కదులుతాయి, చప్పుడు మాత్రం రాదు. మెడకు ఆనించి మాట్లాడే ఒక పరికరం కూడా ఇచ్చారు గానీ, రేడియేషన్ పెట్టాక గట్టిపడిపోయిన చర్మం మీద అది బుర్రుమనడం తప్ప ఏమీ చేయలేకపోయింది. చివరికి మిగిలింది ఫోను. అన్న అందులో టైపు చేస్తాడు, అది పైకి చదువుతుంది. జొన్నచేను కావలికి పోయి పిట్టలను అదిలిస్తే ఊళ్ళోకి వినపడే గొంతు ఉన్న మనిషి, ఇప్పుడు వేలితో మాట్లాడుతున్నాడు.

కాగితం మీద రాసి చూపించవచ్చు కదా అని చాలామంది అడిగారు. నాకూ, వదినకూ అయితే ఆ కాగితం కూడా అక్కర్లేదు, సైగలు చాలు. మా అమ్మకే కుదరదు. ఆమె ఏనాడూ బడి మెట్లు ఎక్కలేదు. దానికి తోడు నీటికాసులతో రెండు కళ్ళూ పోయాయి. అన్న వచ్చి పక్కన కూర్చుంటే వాసన బట్టి పోల్చుకుంటుంది, చెయ్యి తగిలితే పోల్చుకుంటుంది. కానీ అన్నం తిన్నావా అని అడిగితే తిన్నానని, మోకాలు నొప్పి తగ్గిందా అంటే తగ్గలేదని అన్న చెప్పేది వినడానికి ఆమెకు శబ్దం కావాలి. వాళ్ళిద్దరి మధ్య ఉన్న ఒకే ఒక్క దారి ఆ ఫోను.

అందులోనూ ఒక తిరకాసు ఉంది. మా ఊరు రాయచూరు పక్కన, యరమరస్ కరెంటు కేంద్రం పొగగొట్టాలు కనిపించేంత దూరంలో ఉంటుంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, బజారులో ఉర్దూ. నేను గద్వాల దగ్గర మేనమామ ఇంట్లో సెలవులు గడుపుతూ తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. అన్న నేర్చుకోలేదు. అందుకని మా తెలుగు మాటలనే కన్నడ లిపిలో కొడతాడు. ఫోనులోని కన్నడ గొంతు వాటిని చదువుతుంది. ఆ గొంతు ఆడమనిషిది. బెంగళూరులో ఏదో బ్యాంకులో కూర్చుని టోకెన్ నంబర్లు పిలిచే అమ్మాయి మా ఇంటి తెలుగును కూడబలుక్కుని చదివినట్టు ఉంటుంది. మగగొంతు కోసం నేను ఫోనంతా వెతికాను. ఉన్నది మరీ అన్యాయంగా ఉంది. మాట మింగేసేది.

మొదటి రోజు అది వినగానే అమ్మ కొంగు సర్దుకుంది.

"ఎవరే వచ్చింది? ఇంట్ల ఎవరో కన్నడామె మాట్లాడుతుంది."

"ఎవరు రాలే అత్తమ్మా. నీ కొడుకే ఫోన్ల మాట్లాడుతుండు," అంది వదిన.

"నా కొడుకు గొంతు గిట్లుంటదా? సుమ్నె, ఊకెనే ఏమన్న చెప్తవ్."

ఆ తర్వాత అలవాటు పడింది. ఆ గొంతుకు 'ఆయమ్మ' అని పేరు పెట్టింది. చాయ్‌లో చక్కెర తక్కువైందని ఆయమ్మ చెప్పేది, పత్తికి మందు కొట్టాలని ఆయమ్మ చెప్పేది. అమ్మ కూడా ఊరుకునేది కాదు. ఆయమ్మకు ఒక్క ముక్క తెలుగు సరిగ్గా పలకరాదని, నేర్పినవాళ్ళెవరోనని ఆటపట్టించేది. అన్న భుజాలు ఊగేవి. నవ్వుతున్నాడని అమ్మకు మంచం కదలికను బట్టి తెలిసేది. అది మా మంచిరోజుల కింద లెక్క.

ఫోనులు మాత్రం నిలిచేవి కావు. అన్న ఫోనుకు దారం కట్టి మెడలో వేసుకుంటాడు. అది సరిగ్గా ఆ రంధ్రం కింద వేలాడుతుంది. దగ్గు వచ్చిందంటే తెమడంతా దాని మీదే. తుడుచుకుంటాడు గానీ, కింద వైరు గుచ్చే సందులోకి తడి పోతుంది. కొన్నాళ్ళకు అక్కడ పచ్చగా చిలుము పడుతుంది. వైరు పెడితే 'తడి ఉంది' అని ఫోను గోల చేస్తుంది. మొబైల్ షాపువాడు బ్రష్షుతో తోమాడు, సందు మార్చాడు, మళ్ళీ మార్చాడు. చివరికి, "సార్, ఫోను మార్చినా ఇదే కథ. వైరు లేకుండా ఎక్కేది చూసుకోండి," అన్నాడు. నాకు అది నచ్చింది. నేను రాయచూరులో పియుసి, అంటే ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. వైరు లేకుండా కరెంటు పంపడం మా పాఠంలోనే ఉంది. ఆ ఫోనూ, దాంతో పాటు గుండ్రటి చార్జర్ ఒకటీ కొనుక్కుని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. సందుకు రబ్బరు బిరడా కూడా వేశాను. అది పెట్టిన కొన్ని నెలల్లోనే తడి దాని పక్కనుంచి దూరి సందును తినేసింది. అయినా దిగులు పడలేదు. మనకు వైరుతో పని లేదు కదా అనుకున్నాను.

అమ్మ ఆ చార్జర్‌ను తడిమి చూసి "బిళ్ళ" అంది. ఇంట్లో అందరికీ అదే పేరైంది.

"వైరు లేకుంట కరెంటు ఎట్ల ఎక్కుతదిరా? గాలిల వస్తే మనకు షాక్ కొట్టదా?"

నాకు పాఠం చెప్పే సందు దొరికింది. బిళ్ళలో సన్నటి రాగితీగను చుట్టలాగా చుట్టి పెడతారమ్మా అన్నాను. అందులో కరెంటు అటూ ఇటూ మారుతూ ఉంటుంది, సెకనులో లక్షసార్లు, ఇంకా ఎక్కువసార్లు. కరెంటు మారినప్పుడల్లా దాని చుట్టూ అయస్కాంతపు ప్రభావం కూడా మారుతుంది. ఫోను వీపు వెనకాల ఇంకో రాగిచుట్ట ఉంటుంది. మారే అయస్కాంతం దానిలోంచి పోతే, అందులో తనంతట తానే కరెంటు పుడుతుంది. ఆ కరెంటే బ్యాటరీని నింపుతుంది. మనుషులకు షాక్ కొట్టదు. ఒంట్లో ఆ చుట్ట లేదు కదా.

అమ్మ బిళ్ళను మళ్ళీ తడిమింది.

"అంటే పక్కింట్ల పొయ్యి ముట్టిస్తే మనింట్ల అన్నం ఉడికినట్టు."

"కొంచెం అట్లనే."

"మరి పక్కింట్ల పొయ్యి వేడంత మన దాక వస్తదా? సగం బాటలనే పోదా?"

నా క్లాసులో ఏ పిల్లా ఆ ప్రశ్న వేయలేదు. నిజమే, పోతుంది. వైరుతో అయితే దాదాపు ఉన్నదంతా లోపలికి చేరుతుంది. ఈ బిళ్ళతో కొంత దారిలోనే వేడి అయిపోతుంది. రెండు చుట్టలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. వేలెడు పక్కకు జరిగినా చాలు, పోయేది ఎక్కువ, చేరేది తక్కువ. కవరు మందంగా ఉన్నా అంతే. ఇదంతా చెబుతుంటే అన్న నా మోచేతి మీద తట్టి, బిళ్ళ మీది ఫోను ఎత్తి టైపు చేసి ముందుకు పెట్టాడు. "పాఠం అయిపోతే చెప్పు, ఫోను మళ్ల బిళ్ళ మీద పెడతా," అంది ఆయమ్మ.

అప్పుడు నవ్వాను గానీ, అసలు చిక్కు అందులోనే ఉందని కొన్నాళ్ళకు తెలిసింది. వైరు ఉన్న ఫోనును చేతిలో పట్టుకుని వాడుకోవచ్చు. పొడుగు వైరైతే అన్న మంచంలో పడుకుని టైపు చేసేవాడు, అమ్మ పక్కన కూర్చుని వినేది. బిళ్ళ మీది ఫోనును ఎత్తితే చార్జింగ్ ఆగిపోతుంది. మాట్లాడాలంటే ఎత్తాలి, నింపాలంటే దించాలి. పైగా వైరంత తొందరగా ఎక్కదు. కూర్చోబెట్టే స్టాండు లాంటిది తెచ్చాను. దాని మీద ఉంచి టైపు చేస్తే, వేలు తగిలిన ప్రతిసారీ ఫోను పక్కకు ఒరిగేది. అయస్కాంతంతో వెనక అంటుకునే పవర్ బ్యాంకు తెచ్చాను. ఆ బరువుకు దారం మెడ మీది కుట్ల మచ్చలను కోసింది, ఫోను వేడికి అన్న రొమ్ము మీద చెమట పట్టింది. అది అలమరలోకి పోయింది. అలా పొద్దున కొంతసేపు, మధ్యాహ్నం కొంతసేపు అన్న మూగవాడుగా కూర్చోవడం మా ఇంటి పద్ధతి అయింది. ఆ వేళలో అమ్మ ఏదైనా అడిగేది. జవాబు రాకపోతే తనే అనేది, "బిళ్ళ మీద పెట్టినవా? సరే తీ."

ఎండాకాలం వచ్చాక ఆ పద్ధతి కూడా చెడింది. రాయచూరు ఎండ సంగతి తెలిసినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. రేకుల కప్పు కింద మనుషులే మాడిపోతుంటే ఫోను ఎంత. బ్యాటరీకి వేడి పడదు. ఎక్కువ వేడెక్కితే ఫోను తనను తాను కాపాడుకోవడానికి చార్జింగ్ తగ్గిస్తుంది, లేదంటే ఆపేస్తుంది. బిళ్ళేమో తన వంతు వేడి తాను పుట్టిస్తుంది. మొత్తానికి మధ్యాహ్నం పెడితే సాయంత్రానికి కూడా సగం నిండదు. ఆ మధ్యలో కరెంటు పోతుంది. యరమరస్ గొట్టాలు పొగ వదులుతూనే ఉంటాయి, మా ఇంట్లో ఫ్యాను ఆగి ఉంటుంది. దాని మీద నేను ఎన్ని తిట్లు తిట్టానో ఇక్కడ రాయలేను.

సరిగ్గా ఆ ఎండల్లోనే మళ్ళీ చూపించుకోవడానికి అన్నను తీసుకెళ్ళాను. గడ్డ తిరిగి వచ్చిందన్నారు. ఈసారి లోపలికి పాకింది. ఇంకో ఆపరేషన్ చేయవచ్చు, కానీ పెద్దగా ఆశ పెట్టుకోవద్దని డాక్టరు మెల్లగా, తల వంచుకుని చెప్పాడు. ఆపరేషన్‌కు తేదీ ఇచ్చి చీటీ రాశాడు. బయట బెంచీ మీద కూర్చున్నాక అన్న టైపు చేసి నాకు చూపించాడు. 'ఇంక కోయించుకోను.' నేను బతిమాలాను, కోప్పడ్డాను. ఆసుపత్రి వరండాలో అందరూ చూస్తుండగా పెద్దగా అరిచాను. మాటల్లేని మనిషితో పోట్లాడితే గెలవలేమని అప్పుడే తెలిసింది. నేను అరవడం అయ్యేదాకా ఉండి, ఇంకో ముక్క కొట్టాడు. 'అమ్మకు నేనే చెప్తా. మీరెవరు చెప్పొద్దు.'

వదినకు చెప్పాం. ఆమె దొడ్లోకి పోయి చాలాసేపు రాలేదు. అమ్మకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు నుంచి అన్న పశువుల కొట్టం అరుగు మీద కూర్చుని టైపు చేసేవాడు. ఒక్కో మాట కొట్టి, తుడిచి, మళ్ళీ కొట్టేవాడు. నేను దగ్గరికి పోతే ఫోనును రొమ్ముకు ఆనించుకునేవాడు. అమ్మకు చెప్పబోయేది ముందే రాసిపెట్టుకుంటున్నాడని అర్థమైంది. ఆమె ముందు కూర్చుని ఒక్కో అక్షరం కొడుతూ, ఆమె ఎదురుచూస్తూ ఉంటే చెప్పగలిగే సంగతి కాదు అది. చార్జింగ్ ఉందో లేదో చూడడం తప్ప నేను చేయగలిగింది ఏమీ లేదు. అన్నీ తెలిసిన తమ్ముడు చివరికి బ్యాటరీ గీతను చూసే కాపలాదారు అయ్యాడు.

ఆపరేషన్‌కు పోవాల్సిన రోజు దగ్గర పడుతోంది. అమ్మకు ఆ తేదీ తెలుసు. చీటీ రాశారని నేనే నోరు జారి చెప్పాను, గడ్డ తిరిగొచ్చిందని మాత్రం చెప్పలేదు. ఈసారి తాను కూడా వస్తానని పట్టుబట్టింది.

"కండ్లు లేకపోతే ఏంది, చెయ్యి పట్టుకోని కూసుంట. మొదటిసారి నన్ను ఇంట్ల ఉంచి పోయిన్రు. వచ్చేవరకు వాని గొంతు లేదు. ఈసారి ఉండ."

ఆ మాటకు అన్న ముఖం చూడలేక బయటికి వచ్చాను. పొద్దున బస్సుకు బయలుదేరాలని ముందురోజే చీర సంచిలో పెట్టించింది. దారిలోకి జొన్నరొట్టెలూ, పల్లీల శేంగ పొడీ చేయమని వదినకు పురమాయించింది. అంటే చెప్పాల్సింది ఆ సాయంత్రమే. తెల్లవారితే ఆమె గడప దగ్గర తయారుగా నిలబడి ఉంటుంది.

ఆ రోజు నేను కాలేజీ నుంచి మధ్యాహ్నమే వచ్చేశాను. అన్న గుమ్మంలోనే ఉన్నాడు. ఫోనును తువ్వాలుతో పట్టుకుని నాకు చూపించాడు. నల్లగా ఉంది. బటన్ ఎంత నొక్కినా వెలగదు. వెనక్కి తిప్పి చేత్తో పట్టుకున్నాను. ఠక్కున వదిలేశాను. అంత కాలింది.

"పొద్దుగాల నుంచి బిళ్ళ మీదనే ఉన్నది," అంది వదిన. "వేడి గూడ అయ్యింది. వేడైతుందంటే ఎక్కుతున్నట్టే గదా అని ఇంకింత సేపు ఉంచినం."

ఆమెను తప్పుపట్టలేను. ఆ ఫోను చార్జింగ్‌లో ఉంటే వెచ్చబడుతుందని నేనే చెప్పాను. కవరు ఊడదీశాను. కవరుకూ ఫోనుకూ మధ్య అరచేతి సగమంత పల్చటి రాగిరేకు ఉంది. దాని మీద గడులు గీసి అంకెలు చెక్కి ఉన్నాయి. దర్గాలో ఇచ్చే తాయెత్తు రేకు. మా వైపు ఏ రోగమొచ్చినా ముందు గురువారం దర్గాకే పోతారు. మా అమ్మ మొక్కని గుడి లేదు, దర్గా లేదు.

వదిన గొంతు తగ్గించి చెప్పింది. దర్గాలో రేకు ఇచ్చినాయన దాన్ని మెడలో కట్టమన్నాడట. అన్న మెడలో ఏమీ కట్టకూడదు, రంధ్రానికి అడ్డం. అప్పుడు అమ్మ అన్నదట, "వాని గొంతు ఇప్పుడు మెడల లేదు గదనే, ఫోన్ల ఉంది. ఫోనుకే కట్టు." అందుకని ముందురోజు రాత్రే వదిన కవరు వెనక దోపింది.

బిళ్ళకూ ఫోనుకూ నడుమ రాగిరేకు పెడితే ఏమవుతుందో నా విద్యార్థి ఎవరైనా చెబుతాడు. బిళ్ళ పంపినదంతా ఆ రేకులోనే కరెంటు సుళ్ళు తిరిగి వేడి అయిపోతుంది. ఫోనులోని చుట్టకు చేరేది శూన్యం. మంచి చార్జర్లు మధ్యలో ఏదో లోహం ఉందని పసిగట్టి ఆగిపోతాయి. నేను తెచ్చింది ఆగలేదు. ఫోనులో ఉన్న కాస్త చార్జింగూ అయిపోయే వరకు, ఆ వీపు మీద రేకు కాలుతూనే ఉంది. ఇంత వివరంగా నాకు తెలుసు. తెలిసి ఏం లాభం?

ఒళ్ళు మండిపోయింది. "ఫోన్ల ఏం పెడుతున్నరో నాకు ఒక్క మాట చెప్పొద్దా? దీని మీదనే గదా ఆయన బతుకు నిలబడ్డది!" అని వదిన మీద విరుచుకుపడ్డాను.

"నాకేం ఎర్క? అత్తమ్మ చెప్తే పెట్టిన. మంచి అయితదనే పెట్టిన," అంది ఆమె. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

లోపలి నుంచి అమ్మ, "ఏమైందిరా? ఎందుకు లొల్లి?" అని కేకేసింది. నేను నోరు తెరిచాను. అన్న వచ్చి తన అరచేతిని నా నోటికి అడ్డం పెట్టాడు. తల అడ్డంగా ఊపాడు. రేకును నా చేతిలోంచి తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు. తను తెచ్చిన తాయెత్తే కొడుకు నోరు కట్టేసిందని ఆమెకు తెలియకూడదు. అంతే అతనికి కావాల్సింది. నా కోపం ఎటు పోవాలో తెలియక అక్కడే ఆగిపోయింది.

రేకు తీసేసి ఫోనును బిళ్ళ మీద పెట్టాను. ఉలుకూ పలుకూ లేదు. వేడి తగ్గాలి. నీళ్ళకుండ పక్కన, తగలకుండా, నీడలో ఉంచాం. ఫ్రిజ్‌లో పెట్టమంది వదిన. ఒక్కసారిగా చల్లబడితే లోపల చెమ్మ పడుతుంది, అది ఇంకో చావు. తాకగలిగేంత చల్లబడ్డాక మళ్ళీ బిళ్ళ దగ్గరికి తెచ్చేసరికి కరెంటు పోయింది. అలమరలోంచి పవర్ బ్యాంకు తీశాను. నెలల తరబడి పడి ఉండి, అదీ ఖాళీ అయింది. వైరు గుచ్చుదామంటే సందే లేదు. షాపుకు పట్టుకెళితే విప్పి చూసి రేపో ఎల్లుండో ఇస్తామంటారు. ఆ రేపు మాకు పనికిరాదు.

నా ఫోను అన్న ముందు పెట్టాను.

"దీంట్ల కొట్టు అన్నా. దీంట్ల గూడ కన్నడ గొంతు పెడత. అదే గొంతు."

తల ఊపాడు, వద్దని. నల్లగా పడి ఉన్న ఫోనును వేలితో చూపించి, అదే వేలును రొమ్ము మీద పెట్టుకున్నాడు. అన్ని రోజులు కూర్చుని పేర్చుకున్న మాటలు అందులో ఉన్నాయి. గంటలో కూర్చుని మళ్ళీ రాయలేనంటున్నాడు. ఇంకోటి కూడా ఉండొచ్చు. నా ఫోనులో రాస్తే నా కళ్ళు ముందు పడతాయి. తల్లికి చెప్పాల్సింది తల్లికంటే ముందు ఇంకెవరూ చదవకూడదని అతని పట్టుదల. మేమిద్దరం ఆ నల్లటి అద్దం పలకకు చెరో పక్కన కూర్చుని ఫ్యాను ఎప్పుడు తిరుగుతుందా అని పైకి చూశాం. అంత చేతకానితనం నేను నా జన్మలో ఎరగను. డాక్టరు ముందు కూడా ఇంత అనిపించలేదు. అక్కడైతే నాకు వైద్యం తెలియదని సర్దిచెప్పుకోవచ్చు.

పొద్దు వాలుతుండగా కరెంటు వచ్చింది. ఫోనును బిళ్ళ మీద ఉంచి, మధ్యకు సరిగ్గా వచ్చేలా జరిపి జరిపి చూశాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత తెర మీద చిన్న బ్యాటరీ బొమ్మ వెలిగింది. వదిన రెండు చేతులూ జోడించింది. మేం ముగ్గురం దాని చుట్టూ కూర్చున్నాం. ఎవరైనా తగిలితే కదులుతుందని కాళ్ళు కూడా దగ్గరికి ముడుచుకున్నాం. వదిన విసనకర్రతో దానికి విసిరింది.

అమ్మ నులకమంచం మీద కూర్చుని సంచి సర్దుకుంటోంది. తువ్వాలు మడత పెట్టి లోపల పెట్టింది, మళ్ళీ తీసి మడత సరిచేసింది.

"పెద్దోడా, ఈసారి దవాఖానల అడుగుదాం, గొంతు ఏమన్న తిరిగొచ్చే ఉపాయం ఉందా అని. వాళ్ళకు తెల్వదని కాదు. అడిగితేనే చెప్తరు."

అమ్మ కాస్త చెవి ఒగ్గి, తనే మళ్ళీ అంది.

"బిళ్ళ మీదుందా ఫోను? ఉండనీ, జల్ది లేదు. కడుపునిండ నింపుకోని. రేపు బాట పొడుగున మాట్లాడాల గదా."

వదిన విసనకర్ర ఆగిపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అన్న తెరవైపే చూస్తున్నాడు. నేను గీతలు లెక్కపెడుతున్నట్టు నటించాను. పూర్తిగా నిండాలని ఎవరూ అనుకోలేదు. అర్ధానికి పైకి రాగానే అన్న దాన్ని ఎత్తాడు. దారం మెడలో వేసుకోలేదు. రెండు చేతులతో పట్టుకుని అమ్మ ముందు నేల మీద కూర్చున్నాడు. ఆమె మోకాలి మీద చెయ్యి వేశాడు.

"వచ్చినవా? చెప్పు," అంది అమ్మ.

వేలుతో ఒక చోట నొక్కాడు. ఆయమ్మ మొదలుపెట్టింది.

"అమ్మా, రేపు నేను దవాఖానకు పోను. నువ్వు కోపం చేసుకోకుండా విను. గడ్డ మళ్ల వచ్చింది. ఈసారి కోసినా పోదు అన్నరు..."

గొంతులో ఎగుడుదిగుళ్ళు లేవు. చాయ్‌లో చక్కెర తక్కువైందని చెప్పిన గొంతే. అదే సాఫీగా, అదే శుభ్రంగా, ఒక్కో అక్షరాన్నీ కడిగి ఆరబెట్టినట్టు చదువుతోంది. మాటకూ మాటకూ మధ్య ఎక్కడ ఆగాలో దానికి తెలియదు. అన్న తల వంచుకుని ఉన్నాడు. అతని భుజాలు కదలడం లేదు.

అమ్మ చెయ్యి పైకి లేచింది. గాలిలో వెతికి ఫోనును తాకింది.

"ఆపు."

అన్న ఆపాడు.

"గీ మాట ఆయమ్మ ఎందుకు చెప్తుంది? ఆయమ్మకు ఏం తెలుసు మన సంగతి? ఆయమ్మను ఊకోమను. నువ్వు చెప్పు."

నేను ముందుకు జరిగాను. "అమ్మా, అన్న చెప్పేదేందంటే..."

"నువ్వు సుమ్నె ఉండు. వాన్ని చెప్పనీ."

చెప్పలేడమ్మా, చెప్పలేడు. ఆ మాట నా నాలుక మీదే ఉండిపోయింది. ఆమెకు తెలియదా? అందరికంటే బాగా తెలుసు. అయినా తల పక్కకు తిప్పి చెవిని అన్న నోటి దగ్గరికి తెచ్చింది. అన్న నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి. ముందు 'అమ్మా' అన్నాడని నాకు తెలిసింది. తర్వాతివి నాకూ తెలియలేదు. మెడ దగ్గర ఊపిరి గరగరమని వచ్చి ఆగిపోయింది. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. చేతిలో ఫోను తెర వెలుగుతూనే ఉంది. చార్జింగ్ ఇంకా సగానికి పైనే ఉంది.

"చెప్పు పెద్దోడా, వింటున్న," అంది అమ్మ.